చేయి పట్టి పేరు చెప్పే ఆట

గని కాలనీ, మణుగూరు దారి
8-5-1988

అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ నేను, ద్వాలి, పాప ముగ్గురం బాగున్నాం. నువ్వు, భీమ్లా బావ, తండాలో మనవాళ్లంతా బాగున్నారని అనుకుంటున్నాను. ఓవర్‌మన్‌గా ప్రమోషన్ వచ్చిందని పోయిన ఉత్తరంలో రాశాను కదా. ఇప్పుడు మమ్మల్ని ఆఫీసర్ల లైనులో ఒక క్వార్టరుకు మార్చారు. ముందర చిన్న తోట, వెనక కొళాయి. ఇక్కడ అందరూ నన్ను లాల్ గారు అంటారు.

నీతో ఒక పని పడింది. జూన్ అయిదో తేదీ, ఆదివారం, రూపకు ఏడేళ్లు నిండుతాయి. ఏప్రిల్‌లో మా మేనేజరు గారి భార్య వసుంధర మేడం తన కూతురి పుట్టినరోజుకు 'రాజకుమారి టీ పార్టీ' చేశారు. ఆడపిల్లలంతా పాదాల దాకా గౌన్లు, నెత్తిన అట్ట కిరీటాలు పెట్టుకుని వచ్చి, బొమ్మ కప్పుల్లో టీ తాగి, ఆటలు ఆడారు. పెద్దవాళ్లు కూడా రాజుల్లా రాణుల్లా వేషాలు వేసుకుని వచ్చారు. అప్పటి నుంచి మన పిల్ల నిద్రలో కూడా కిరీటమే. సరే చేద్దామన్నాను. క్లబ్బు హాలు ఇస్తామన్నారు. కప్పులు కొత్తగూడెంలో కొన్నాను.

చిక్కంతా ఆటల దగ్గరే వచ్చింది. పన్నెండు మంది పిల్లల్ని రెండు గంటలు ఏం ఆడించాలి? మేడం ఇంట్లో కుర్చీల ఆట, పొట్లం చేతులు మార్చే ఆట, కళ్లకు గంతలు కట్టుకుని బొమ్మ రాణికి కిరీటం అంటించే ఆట పెట్టారు. మళ్లీ అవే పెడితే చూసి నేర్చుకున్నామంటారు. నువ్వు అంగన్‌వాడీ ట్రైనింగులో ఇలాంటివి నేర్చుకున్నావు కదా. కొత్తవి నాలుగైదు ఆటలు వివరంగా రాసి పంపు. జల్దీ పంపు.

నీ తమ్ముడు,
కిషన్‌లాల్

*

రేగుల తండా, బూర్గంపాడు మండలం
16-5-1988

తమ్ముడు కిషన్‌లాల్‌కు,

నీ బాయి హేమ్లి దీవించి రాసేది. ఆరు నెలలకు నీ ఉత్తరం వచ్చిందని చూసి, ఎవరికి ఏ జ్వరమో అని గుండెలు అరచేతిలో పెట్టుకుని విప్పాను. తీరా చూస్తే అయ్యగారికి ఆటలు కావాలట! మీ బావకు చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వాడు. "బొగ్గు తవ్వేటోనికి బొమ్మ కప్పులేందే?" అన్నాడు. అయినా అడగనిదే అమ్మైనా పెట్టదు, అడిగావు, సంతోషం. కానీ ఒక మాట. పుట్టినప్పటి నుంచి బాయీ, బాయీ అని నా వెంట తిరిగినవాడివి, ఈ 'అక్క' ఎక్కడి నుంచి వచ్చిందిరా? మన మాటలో రాస్తే ఉత్తరం బస్సెక్కనంటుందా?

ముందు నా గోల విను. చిన్నపిల్లలకు టీ పోయకండి. ఆకలి చస్తుందని మా ట్రైనింగులో గట్టిగా చెప్పారు. ఆ కప్పుల్లో బెల్లం కలిపిన పాలు పోయండి. ఏ దేశపు రాజకుమారి అయినా తాగుతుంది.

ఇక ఆటలు. మొదటిది రాణి నడక. కిరీటం తీసేసి నెత్తిన చిన్న చెంబు నీళ్లు పెట్టి నడిపించు. చుక్క చిందకుండా గోడ దాకా పోయి వచ్చినదే రాణి. రెండోది మన రేగుముళ్ల ఆట. మరిచిపోయావా? తీజ్ పండగకు ఆడపిల్లలం నానబెట్టిన శనగలు రేగుముళ్లకు గుచ్చుతుంటే తమ్ముళ్లు కొమ్మ పట్టుకుని ఊపేవాళ్లు. కోపం తెచ్చుకోకుండా, చేయి వెనక్కి తీయకుండా గుచ్చాలి. నువ్వు ఊపిన ఊపుకి నా వేలిలో ముల్లు దిగితే, నెత్తురు చూసి నాకంటే ముందు నువ్వే ఏడ్చావు.

మూడోది చేయి పట్టి పేరు చెప్పే ఆట. పుట్టినరోజు పిల్లకు కళ్లకు గంతలు కట్టాలి. ఒక్కొక్కరూ వచ్చి మాట్లాడకుండా చేయి అందించాలి. తడిమి చూసి ఎవరిదో చెప్పాలి. మా సెంటర్లో పిల్లలు దీనికోసం కొట్టుకుంటారు.

ఇవి కాగితం మీద చదివితే వచ్చేవి కావు. అందుకే నేనే వస్తాను. అయిదో తేదీ పొద్దున బస్సుకి దిగుతాను. రూప్లికి (మీరు రూప అనుకోండి, నాకు మాత్రం మనల్ని కన్న యాడి పేరే) చిన్న పేటియా పావడా, కాంచళి రవిక కుడుతున్నాను. యాడి పాత పేటియాలోని అద్దాలు ఊడదీసి దానికి కుట్టాను. అమ్మ వేసుకున్న అద్దాలు మనవరాలి మీద మెరవాలి కదా.

ఇంకొక సంగతి నీకు గుర్తుందనే అనుకుంటాను. రూప్లికి ఏడేళ్లు రాగానే తీజ్‌కు మనింటి బుట్ట ఎత్తిస్తానని యాడి పోయేముందు ఆమె చేతిలో చెయ్యేసి చెప్పావు. పెళ్లికాని పిల్లే ఎత్తాలి కదా, నా పెళ్లయ్యాక మనింటి నుంచి గోధుమ మొలకల బుట్ట లేదు. నాకా కడుపు పండలేదు. శ్రావణంలో పిల్లను పంపాలి. మిగతాది వచ్చాక మాట్లాడదాం.

నీ బాయి,
హేమ్లి

*

గని కాలనీ
30-5-1988

అక్కకు,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ఆటలు చాలా బాగున్నాయి. రేగుముళ్లు మాత్రం పిల్లల తల్లులు ఒప్పుకోరు. మిగతా రెండూ పెడతాం.

నువ్వు వస్తానన్నావు. చాలా సంతోషం. కానీ ఎండలు చూస్తున్నావు కదా, మణుగూరు బస్సులో నిలబడటానికి కూడా చోటుండదు. పోయిన వారం మా గనిలోనే ఇద్దరికి వడదెబ్బ తగిలింది. పైగా ఆ రోజంతా హడావిడి, నిన్ను కూర్చోబెట్టి పలకరించే తీరిక కూడా మాకుండదు. వచ్చేవాళ్లంతా ఇంగ్లీషులో మాట్లాడతారు. నీకు తోచదు. అందుకని ఈసారికి రావద్దు. వానలు పడ్డాక మేమే వచ్చి నాలుగు రోజులు ఉంటాం. పేటియా కూడా పంపనక్కరలేదు, ఖమ్మంలో గౌను కుట్టించాం.

తప్పుగా అనుకోకు.

కిషన్‌లాల్

*

రేగుల తండా
9-6-1988

తమ్ముడికి,

క్షేమంగా చేరాను. ఇంటికొచ్చి చూస్తే గుమ్మంలో నీ ఉత్తరం, ముప్పయ్యో తేదీది, నాకంటే ముందు వచ్చి కూర్చుంది. పోస్ట్‌మన్ గురవయ్యకు అంతకుముందు మూడు రోజులు జ్వరమట. మంచిదే అయింది. ముందే అంది ఉంటే నీ మాట విని ఆగిపోయేదాన్ని, ఇంత వేడుక చూసేదాన్ని కాదు. వడదెబ్బకు భయపడి నన్ను వద్దన్నావు, నీ ప్రేమ నాకు తెలియదా?

ఎంత బాగుందిరా ఆ హాలు! రంగు కాగితాలు, బుడగలు. వాచ్‌మన్ పిచ్చయ్య నన్ను గేటు దగ్గర ఆపి, కింది నుంచి మీది దాకా చూసి, "నువ్వు గూడ పార్టీకేనా అమ్మా? మస్తుగున్నది" అన్నాడు. నేను ఊరికే పోతానా? పెళ్లినాటి పేటియా, చెంపలకు ఘుగ్రీలు, మోచేతుల పైదాకా గాజులు, అన్నీ వేసుకునే వచ్చాను. తమ్ముడింటి వేడుకకు ఉత్త చీరలో వస్తే నీ పరువేం కావాలి? నన్ను చూడగానే నీ ముఖం పాలిపోయింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని ద్వాలిని కేకలేశాను కూడా.

ద్వాలి మంచి ఆలోచనే చేసింది. "కొంగు ముఖం మీదికి గుంజుకో వదినా, పాపకు ఇప్పుడే చెప్పొద్దు, ఆఖరుకు చెప్పి పరేషాన్ చేద్దాం" అంది. నాకూ సరదాగా అనిపించింది. ముసుగులో నుంచే పిల్లల్ని ఆడించాను. నీళ్ల చెంబు ఆటలో మేనేజరు గారి పాప నిలువునా తడిసి నవ్వుతూనే ఉంది. బంగారు పిల్ల.

చేయి పట్టే ఆటలో నేనూ చేయి అందించాను. రూప్లి నా చూపుడువేలు పట్టుకుంది. కొడవలికి తెగి వంకరపోయిన వేలు. రెండేళ్ల కిందట సెలవులకు వచ్చినప్పుడు ఆ వేలు పట్టుకుని నిద్రపోయేది. పట్టుకోగానే గంతల్లోనే ఎగిరింది. "మా అత్త! హేమ్లి అత్త!" అంది. నువ్వు నవ్వుతూ "తప్పు, తప్పు, అవుట్" అన్నావు. అందరూ నవ్వారు. ఇంటి పిల్లను గెలిపిస్తే పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని, వచ్చినవాళ్ల పిల్లలను గెలిపించాలని అలా అన్నావనుకున్నాను. సరేలే, మర్యాద అంటే అదే. కానీ పాపం పిల్ల ఎంత ఏడ్చిందో. లోపలికి తీసుకెళ్లిన ద్వాలి మళ్లీ బయటకు తీసుకురాలేదు. అయిదు గంటల బస్సే ఆఖరిదని నువ్వు తొందర చేశావు. పిల్ల ఏడ్చి పడుకుందన్నారు. దానితో ఒక్క మాటైనా మాట్లాడకుండా వచ్చేశాననే బాధ నాకు పోవడం లేదు. పేటియా మూట ద్వాలికి ఇచ్చాను. వేసి చూశారా? నడుం దగ్గర వదులైతే చెప్పు.

ఆ పెద్ద మేడం అందరి ముందూ నన్ను పిలిచి స్టీలు డబ్బా బహుమతి ఇచ్చిందే, దాన్ని తండా అంతా తిప్పి చూపించాను! మీ బావ అందులో పొగాకు పెట్టుకుంటానన్నాడు. పెడితే చేతులు విరుస్తానన్నాను. మూత మీద అంటించిన కాగితంలో ఇంగ్లీషు అక్షరాలున్నాయి. రాత నీదే, గుర్తుపట్టాను. ఏమని రాశావు? తప్పకుండా రాయి. సెంటర్లో అందరూ అడుగుతున్నారు.

తీజ్ సంగతి మరవకు.

నీ బాయి,
హేమ్లి

*

గని కాలనీ
20-6-1988

అక్కకు,

నువ్వు క్షేమంగా చేరినందుకు సంతోషం. పాప బాగానే ఉంది. బడి తెరిచారు. పేటియా కొంచెం పొడుగైంది, పెట్టెలో దాచాం.

డబ్బా మీద 'పిల్లలను బాగా ఆడించినందుకు మొదటి బహుమతి' అని రాసి ఉంది. నీకు తగినదే.

తీజ్ నాటికి పాపకు పరీక్షలుంటాయి. ఈ సంవత్సరం కుదరదేమో. వచ్చే ఏడాది చూద్దాం.

కిషన్‌లాల్

*

రేగుల తండా
11-7-1988

కిషన్‌లాల్‌కు,

మొన్న శుక్రవారం మా సూపర్‌వైజర్ నాంచారమ్మ మేడం సెంటర్ తనిఖీకి వచ్చింది. రిజిస్టర్లు చూసింది, పిల్లల్ని తూకం వేసింది. ఆ తరవాత నేనే గొప్పకు పోయి డబ్బా తెచ్చి ముందు పెట్టాను. ఆమె మూత చూసి, "ఏం ఏషం ఏసినవ్ హేమ్లీ?" అంది.

"ఏషం ఏంది మేడం?"

"గీడ రాసి ఉన్నది గద. ఏషాలల్ల మొదటి బహుమతి అని."

కాదు మేడం, మా తమ్ముడు వేరే చెప్పిండు అన్నాను. ఆమె మళ్లీ ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చదివింది. ఆ పైన నా బట్టల వైపు చూసి, బియ్యం లెక్క అడిగింది. అర్థమైంది కాబట్టే ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆయాగా చేసే రామక్క పక్కనే ఉంది. సాయంత్రానికి తండా అంతటికీ తెలిసింది.

నేను ఏడో తరగతి వరకే చదివాను. ఇంగ్లీషు రాదు. ఎందుకు ఏడుతోనే ఆపానో నీకు తెలుసు. యాడికి ఒళ్లు బాగాలేనప్పుడు నిన్ను హాస్టల్లో వేయాలంటే ఇంట్లో ఒకరు కూలికి పోవాలి. పోయాను. దెప్పడానికి చెప్పడం లేదు. నాకు రాని అక్షరాల్లో నువ్వు నాకే అబద్ధం చెప్పావని చెప్పడానికి రాస్తున్నాను.

ఒక్కటే అడుగుతాను. నేను ఎవరినని చెప్పావు అక్కడ?

హేమ్లి

*

గని కాలనీ
24-7-1988

బాయీ,

నాలుగు కాగితాలు చింపేసి ఇది అయిదోది రాస్తున్నాను.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నా పేరు చూసి, రంగు చూసి, నేను ఉత్తరాది వాణ్నని అనుకున్నారు. ఒకాయన "మీది రాజస్థానా?" అని అడిగాడు. మన పెద్దలు అక్కడి నుంచి ఎడ్ల మీద ఉప్పు మోసుకుంటూ వచ్చారని యాడి చెప్పేది కదా, అది గుర్తొచ్చి అవునన్నాను. పూర్తి అబద్ధం కాదులే అనుకున్నాను. ఆ ఒక్క అవును తరవాత అన్నీ దాన్ని కాపాడుకోవడానికే చెప్పాల్సి వచ్చింది. ద్వాలి దీప అయింది. రూప్లి రూప అయింది. తండా పేరెత్తితే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నా చేయి నా కాలరు మీదికి పోయేది.

ఆ రోజు నువ్వు హాలు గుమ్మంలో నిలబడ్డావు. డాక్టరు గారి భార్య నన్ను ఇంగ్లీషులో, "ఎంత బాగా వేసింది వేషం! ఎవరామె?" అని అడిగింది. నేను కూడా ఇంగ్లీషులోనే చెప్పాను. పిల్లలను ఆడించడానికి పిలిపించిన మనిషి, పార్టీ కోసం లంబాడీ వేషం వేయించాం అని. నీకు రెండు గజాల దూరంలో నిలబడి చెప్పాను. బహుమతుల మీద కాగితాలు ముందు రోజే రాసి అంటించాను. పెద్దవాళ్ల వేషాల్లో మొదటిది నీకే వచ్చింది. ముసుగు వేయించమని ద్వాలికి చెప్పిందీ నేనే, దాన్ని ఏమీ అనకు. పాప నీ పేరు చెప్పగానే అవుట్ అన్నాను. తరవాత లోపలికి పోయి, ఆమె అత్త కాదు, అత్తలాగా ఉంది అంతే అని పాపకు నచ్చజెప్పాను. రెండు రోజులు ఏడ్చి మానేసింది.

నీ ఉత్తరం చదివిన రోజు సాయంత్రం నేరుగా మేనేజరు గారి ఇంటికి పోయాను. వసుంధర మేడం ఒక్కరే వరండాలో ఉన్నారు. నిలబడే చెప్పాను. ఆ రోజు వచ్చిన ఆమె నా సొంత అక్క, నేను రేగుల తండా వాణ్ని అని. ఉద్యోగం పోయినా సరే అన్నంత గుండె చేసుకుని చెప్పాను బాయీ.

ఆమె ఆశ్చర్యపోలేదు. "తెలుసండీ" అన్నారు. "మీ సర్వీసు కాగితాల్లో మీ ఊరు, కులం అన్నీ ఉంటాయి కదా. ఇక్కడ అందరికీ మొదటి నుంచీ తెలుసు. ఆమె మీ అక్క అని గుమ్మంలోనే మీలాంటి గడ్డం చూసి పోల్చుకున్నాం. మీరే పిలిపించిన మనిషి అన్నారు. మీ మాట తీసేయలేక ఆ డబ్బా ఇచ్చాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు బతికాను. నిన్ను కాదని నేను ఎవరి ముందు నిలబడ్డానో వాళ్లెవరూ నన్ను నమ్మనే లేదు. నమ్మింది మన పాప ఒక్కతే.

నన్ను క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు.

కిషన్

*

రేగుల తండా
1-8-1988

కిషన్‌కు,

నీ ఉత్తరం మీ బావకు చదవలేదు. నాకు నేనే మూడుసార్లు చదువుకున్నాను. కోపం వచ్చింది. కోపం అంటే చిన్నమాట. చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని తిరిగిన ఈ నడుం విరిగినట్టయింది. రెండు రోజులు సెంటర్‌కు పోలేదు. పేటియా తొడుక్కోబోయి, ఇది వేషమా అని చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడిపోయాను. నాకలాంటి ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? తెచ్చిపెట్టావు.

నువ్వు క్షమాపణ అడగాల్సింది నన్ను కాదు. నేను పెద్దదాన్ని, ఏడుస్తాను, తిడతాను, నాలుగు ముద్దలు తింటాను, బతుకుతాను. ఆ పిల్ల కళ్లకు గంతలున్నా నిజం చెప్పింది. కళ్లు తెరిచి ఉన్న నువ్వు దాన్ని ఓడించావు. అది దానికి చెప్పు. ఆ ఆట గెలిచింది నువ్వే అని చెప్పు. ఆ రోజు వచ్చిన పిల్లల ముందే చెప్పు.

డబ్బా పంపుతున్నాను. రేపు మీ బావ మిరప విత్తనాలకు మణుగూరు వస్తున్నాడు, గేటు దగ్గర పిచ్చయ్యకు ఇచ్చి పోతాడు. నీ గుమ్మం తొక్కడు, బలవంతం చేయకు. మూత మీది కాగితాన్ని వేడినీళ్లతో నేనే గీకేశాను. జిగురు మరక మిగిలింది, అది పోలేదు. గెలిచిన పిల్లకు బహుమతి అందాలి కదా. దాని చేతికి ఇవ్వు.

తీజ్ పదిహేడో తేదీ బుధవారం మొదలు. పరీక్షలని మళ్లీ రాయకు. ఆ బడి సెలవుల కాగితం నాంచారమ్మ మేడం దగ్గర ఉంది.

హేమ్లి

*

గని కాలనీ
8-8-1988

బాయీ,

డబ్బా అందింది. నిన్న ఆదివారం వసుంధర మేడంతో చెప్పి ఆ పన్నెండు మంది పిల్లల్ని మా తోటలోకి పిలిచాను. నువ్వు చెప్పినట్టే బెల్లం పాలు పోశాం. అందరి ముందూ చెప్పాను. ఆ రోజు రూప్లి చెప్పిందే నిజం, ఆమె రూప్లికి సొంత మేనత్త, నేను తప్పు చెప్పాను, ఆట గెలిచింది రూప్లి అని. రూప్లి అనే పేరు అక్కడ బయటికి అనడం అదే మొదటిసారి. డబ్బా దాని చేతికి ఇవ్వబోయాను.

అది తీసుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"కాదు నాన్నా. ఆమె అత్త కాదు. ఏషం ఏసుకున్న ఆమె. నువ్వే చెప్పినవ్ గద" అంది.

నేను తప్పు చెప్పాను రూప్లీ, ఆమె అత్తే అన్నాను. నా ముఖంలోకి చూసి, "అబద్ధం అప్పుడు చెప్పినవా, ఇప్పుడు చెప్తున్నవా?" అని అడిగింది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఇప్పుడు నిజం అన్నాను. "అప్పుడు గూడ గట్లనే అన్నవ్" అంది.

మేనేజరు గారి పాప ఊరికే ఉండక, "మళ్లీ ఆడదాం, నీ కళ్లకు కడతా" అని రుమాలు తెచ్చింది. మన పిల్ల తోసేసి, "నాకు ఆ ఆట రాదు. నేను చెప్పేది తప్పయితది" అని ఇంట్లోకి పోయింది. మేడం పిల్లలందరినీ తీసుకుని మెల్లగా వెళ్లిపోయారు. డబ్బా బల్ల మీదే ఉంది.

తీజ్‌కు తండాకు పోదాం అంటే రానంటోంది. ఎవరింటికి అని అడుగుతోంది. అత్త ఇంటికి అంటే, ఏ అత్త అంటోంది. ద్వాలి ఏడుస్తోంది. ఎత్తుకుని బస్సెక్కించనా? ఏం చేయమంటావు? నువ్వు ఏం చెబితే అది చేస్తాను.

కిషన్

*

రేగుల తండా
12-8-1988

కిషన్‌కు,

నీ ఉత్తరం బావకు చదివి వినిపించాను. ఈసారి అన్నీ, పాతవి కూడా. ఆయన లేచి పోయి బుట్ట అల్లడానికి వెదురు కొట్టుకొచ్చాడు. చిన్నది అల్లుతున్నాడు, ఏడేళ్ల నెత్తికి సరిపోయేది. ఆయన తీరు అంతే, నోటితో చెప్పడు.

పిల్లను ఎత్తుకుని బస్సెక్కించకు. ఏడ్పించి తేవద్దు. అత్త ఇల్లని కూడా చెప్పకు. బుట్టల పండగ చూసొద్దాం, అక్కడ నీలాంటి పిల్లలు ఇరవై మంది ఉంటారు అని చెప్పు. అది నిజమే కదా. ఇప్పటి నుంచి దానితో నిజం కానిది ఒక్కటి కూడా చెప్పకు, చిన్నది కూడా.

యాడి అద్దాల పేటియా మూటలో పెట్టుకుని రా, కానీ వేయమని బలవంతం చేయవద్దు. మిగతా పిల్లలు వేసుకుంటే చూసి తానే అడిగితే అప్పుడు వేద్దాం. అడగకపోతే గౌనులోనే బుట్ట ఎత్తుతుంది. ఆ మొలకలకు బట్టలతో పని లేదు, నీళ్లు పోస్తే చాలు. డబ్బా కూడా తెండి, శనగలు నానబెట్టడానికి పనికొస్తుంది.

నువ్వూ రావాలి. తప్పించుకోకు. రేగు కొమ్మ ఊపడానికి ఒకడు కావాలి. ఊపు, నీ ఇష్టం వచ్చినంత ఊపు. నేను చేయి వెనక్కి తీయను, తీసేదాన్నే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. తండాలో నిన్ను నాలుగు మాటలు అంటారు. తల వంచుకుని పడు. అందులో రెండు నేనే అంటాను.

నేను అత్తనని రూప్లికి చెప్పను. తీజ్ తొమ్మిది రోజులూ చెప్పను. అందరు పిల్లలతో పాటు స్నానం చేయిస్తాను, జడలు వేస్తాను, అన్నం పెడతాను. ఏమని పిలిస్తే అలా పలుకుతాను. ఆఖరి రోజు పిల్లలందరం చేయి పట్టి పేరు చెప్పే ఆట ఆడతాం. రూప్లి ఆడనంటే పక్కన కూర్చుని చూస్తుంది. ఆడతానంటే, వరసలో ఎక్కడో నా వంతు వస్తుంది.

ఒకసారి కళ్లు మూసుకుని చెప్పింది. మళ్లీ చెబుతుందో లేదో నాకు తెలియదు కిషన్. చెబుతుందనే నేను బతుకుతున్నాను. నువ్వు మాత్రం ఆ రోజు దూరంగా నిలబడకు. పిల్ల పక్కనే కూర్చో. అది నా వేలు పట్టుకుని ఏ పేరు చెప్పినా సరే, నువ్వు తప్పు అనకు.

నీ బాయి,
హేమ్లి